నిమ్మకాయ నలగలేదు

రక్షణ 58, వైశాఖం, సోమవారం

వడియాలు పెట్టాను. పన్నెండు బండ్లు పట్టాయి.

నేను ఈ ఊరికి పంతులమ్మగా వచ్చిన కొత్తలో ఒక్క బండి పైకప్పు మీద ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా వడియాలు ఎండేవి. పాత చీర పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెడితే సరిపోయేది. ఇప్పుడు బండికి రెండు వరసలే. పన్నెండు బండ్ల మీద పన్నెండు గుడ్డముక్కలు, కాకుల కోసం పన్నెండు చోట్ల కాపలా. "బజార్లో దొరుకుతాయి కదా అత్తయ్యా, కాసేపు కూర్చోండి" అంటుంది నా కోడలు వసుంధర. కూర్చుంటే ఏం తోస్తుంది? ఈమధ్య నాకు కూర్చోబుద్ధి కావటం లేదు. నీడ పడుతోందని ఒక బండిని జరిపాను. ఒంటిచేత్తో జరిగింది. ఎనభై దాటిన ముసలిది ఒంటిచేత్తో మోటారు బండిని జరపగలగటం ఎవరికీ వింతగా తోచటం లేదు. నాకు నిద్ర పట్టనిది అందుకే.

బండ్లు తయారుచేసే మా ఊరి ఫ్యాక్టరీ ఉత్తర గేటులోంచి బయటికొచ్చిన బండి మా వీధిలో రెండు రోజులు వరసలో నిలబడుతుంది. తరవాత మలుపు తిరిగి కొలిమికి పోతుంది. అక్కడ కరిగి, ఇనుమై, దక్షిణ గేటు గుండా మళ్ళీ ఫ్యాక్టరీలోకి పోతుంది. ఊళ్ళో పుట్టిన పిల్లలకి ఇది పొద్దు పొడవటం లాంటిది. ఎందుకని అడగరు.

సాయంత్రం నా మనవరాలు మేఖల వడియాలు తీయటానికి వచ్చింది. తొమ్మిదేళ్ళది.

"నాయనమ్మా, నువ్వు నిజంగా బండిలో కూర్చున్నావా?"

"కూర్చున్నాను. మీ తాతయ్య పక్కన."

"కూర్చుని?"

"వెళ్ళాం."

"కొలిమికా?"

"సముద్రానికి."

అది ఒక వడియం తుంపి నోట్లో వేసుకుంది. "అక్కడ కూడా కరిగిస్తారా?"

రక్షణ 58, వైశాఖం, శుక్రవారం

మావాడు సుదర్శనం మూడు వేళ్ళకి గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చాడు. ఫ్యాక్టరీ లైనులో మా ఇంటివాళ్ళు బిగించేది ఎడమ తలుపు. వాళ్ళ నాన్నది, ఆయన తరవాత వీడిది. మా ఇంటిపేరు ఊళ్ళో సగం మందికి తెలియదు గానీ 'ఎడమ తలుపు వాళ్ళు' అంటే ఇల్లు చూపిస్తారు.

"ఏమైందిరా?"

"ఏం లేదమ్మా. బోల్టు బిగించేచోట చెయ్యి పట్టటం లేదు. అందరికీ ఇదే. మొన్న హెడ్‌లైటు వాళ్ళ అబ్బాయి చెయ్యి ఇరుక్కుంటే నూనె పోసి తీశారు."

"బండి పెద్దది చెయ్యొచ్చు కదా."

వాడు నాకేసి చూసిన చూపు, నేను క్లాసులో మొద్దబ్బాయిల కేసి చూసిన చూపే.

"ఇనుమేదమ్మా?"

నిజమే. ముప్పై ఏళ్ళు అర్థశాస్త్రం చెప్పినదాన్ని, నేనే మర్చిపోతే ఎలా? మునిగిపోతున్న కంపెనీని సర్కారు ఒడ్డున వేసిన రోజు నుంచి, 'రక్షణ' అన్న పేరుతో, మా ఊరి కేలండరు మొదలైంది. షరతులు రెండు. ఏటా తయారయ్యే బండ్ల లెక్క తగ్గకూడదు. ఒక్క ఉద్యోగమూ పోకూడదు. జీతాలు సర్కారే ఇస్తుంది, ఇనుముకి మాత్రం పైసా ఇవ్వదు. రెండేళ్ళలో బండ్లు అమ్ముడుపోతాయి, ఆ రాబడితో కొనుక్కోండన్నారు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. లెక్క మాత్రం చెప్పాలి. అందుకని చేసినదాన్నే కరిగించి మళ్ళీ చేస్తున్నారు. కరిగించినప్పుడల్లా కొంత చిట్టెం కింద పోతుంది. లెక్క తగ్గకూడదు కనక బండి తగ్గుతూ వచ్చింది. ముందు డిక్కీ పోయింది, తరవాత వెనక సీటు, ఆ తరవాత మనిషి. ఇప్పుడది ట్రంకు పెట్టెంత ఉంది. పేరు మాత్రం అదే, 'ధీర'.

రక్షణ 58, జ్యేష్ఠం, బుధవారం

లైను పెద్ద గవర్రాజు వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఆ సంగతి వాడూ దాచడు, నేనూ చెప్పుకోను.

"టీచరు గారూ, బాగున్నారా?"

"నువ్వు గేటు తీసేదాకా బాగానే ఉన్నాను. కూర్చో. కాఫీ తాగి చెప్తావా, చెప్పి తాగుతావా?"

తాగే చెప్పాడు. ముఖం తుడుచుకుని, సుదర్శనం వైపు తిరిగి చెప్పాడు.

"చిన్నచేతుల సెక్షన్ పెడుతున్నామండీ. మీ ఎడమ తలుపుకి మేఖలమ్మ చెయ్యి సరిగ్గా సరిపోతుంది."

"కొలిచావా?" అన్నాను.

"గాజులమ్మే ఆవిణ్ణి అడిగామండీ. ఊళ్ళో పిల్లలందరి సైజులూ ఆవిడకి నోటికొచ్చు."

"దానికి తొమ్మిదేళ్ళు గవర్రాజూ."

"ఉద్యోగం కాదండీ, శిక్షణ. పొద్దునపూట మాత్రమే."

"పొద్దునపూట బడి కదా?"

"బడి కూడా శిక్షణే కదండీ."

"నీకు చదువు చెప్పింది నేనని బయట ఎక్కడా అనకు నాయనా."

వాడు నవ్వాడు. చిన్నప్పుడు కూడా తిడితే నవ్వేవాడు. "పేరు ఎక్కితే జీవితాంతం ఢోకా లేదు టీచరు గారూ. ఊరు దాటి ఎక్కడా ఒక్క రాత్రి కూడా పడుకోకుండా ఉంటే చాలు, ఆ పేరు ఎవరూ తియ్యలేరు. మీకు తెలియందేముంది."

"లెక్క తగ్గిస్తే పోలేదా? పది బండ్లకి బదులు ఒకటి, మనిషి పట్టేది."

గవర్రాజు నవ్వు ఆగింది. "తగ్గితే రక్షణ పోతుందండీ. ఊరంతా ఏం తింటుంది?"

 సుదర్శనం కూతుర్ని పంపటానికి సరేనన్నాడు. వంటింటి గుమ్మంలో వసుంధర కడిగిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

రక్షణ 58, ఆషాఢం, గురువారం

మేఖల లైనుకి వెళ్ళి నెల కావస్తోంది. దానికి భలే గర్వంగా ఉంది. సొంత టిఫిన్ డబ్బా, మెళ్ళో పేరున్న బిళ్ళ. మణికట్టు నిండా గీతలు. ఇంటికొచ్చి వాళ్ళ నాన్నతో బోల్టుల గురించి పెద్దమనిషిలా మాట్లాడుతుంది. వాడు కూడా దానితో అలాగే మాట్లాడతాడు. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతాను. వసుంధర బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. ఆ బియ్యంలో రాళ్ళుండవు.

ఇవాళ తలంటుదామని కూర్చోబెడితే చేతులు వెనక్కి దాచుకుంది.

"చేతులకి నూనె వద్దు నాయనమ్మా."

"ఏం?"

"నూనె రాస్తే పెరుగుతాయట."

చేతులు ముందుకి లాగి చూశాను. పోయినేటి గాజులు. చేతికి ఆరేసి. ఎలా ఎక్కించుకుందో గానీ దిగవు. వాటి కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది.

"ఇవెవరు వేశారే?"

"నేనే. సబ్బు రాసుకుని. సెక్షన్‌లో అందరం వేసుకుంటున్నాం. బిగుతు గాజులుంటే చెయ్యి పెద్దది కాదట. పెద్దదైతే తీసేసి తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ పెడతారట." గొంతు తగ్గించింది. "నాకు తమ్ముడూ చెల్లెలూ లేరుగా నాయనమ్మా. ఎడమ తలుపు మన ఇంట్లోంచి పోతుంది."

సబ్బు నురగలో దాని చేతులు ముంచి ఒక్కొక్కటే తీశాను. అది ఏడవలేదు, నేను తీసినవన్నీ లెక్కపెట్టుకుంది, మళ్ళీ వేసుకోవటానికి.  

రక్షణ 58, ఆషాఢం, ఆదివారం

రక్షణ దినం నాడు కొత్త ఏటి మొదటి బండిని ఊళ్ళో అందరికంటే పెద్ద వయసున్న ఉద్యోగి గేటు దాటించాలి. అది ఆనవాయితీ. ఇన్నాళ్ళూ పెయింటు షాపు అప్పలస్వామి గారు దాటించేవారు. ఆయన ఫాల్గుణంలో పోయారు. కంపెనీ బడి పంతులమ్మని కాబట్టి నా పేరూ పుస్తకంలో ఉంది. ఇప్పుడు అందరికంటే ముసలిదాన్ని నేనే.

పోయినేడు అప్పలస్వామి గారు బండికి తాడు కట్టి కుక్కపిల్లని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళారు. బానెట్ మీద దిష్టి గుమ్మడికాయ పెడితే అదే డ్రైవరులా కనబడింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి కదా, పెడితే బండి కదలదని ఎవరికీ చెప్పకుండా రేగుపళ్ళు పెట్టారు. చప్పట్లు మాత్రం నిమ్మకాయలకి కొట్టినట్టే కొట్టాం. నేనూ కొట్టాను.

గవర్రాజు శాలువా కొలతలకి వచ్చాడు. శాలువాకి కొలతలేమిటో నాకు తెలియదు. వాడికి నన్నొకసారి చూసి పోవాలనుంది, అంతే.

"వస్తాను గానీ మూడు సంగతులు. నిమ్మకాయలు మా పెరటివి. నేను తెస్తాను."

"అలాగేనండీ."

"తనిఖీకి రాజధాని నుంచి వచ్చే అధికారిణి గెస్టు హౌసులో కూర్చుని కాగితాలు చూసుకుని పోకూడదు. ముందు వరసలో కుర్చీ వెయ్యి. ముసలిదాని ముచ్చటని చెప్పు."

"చెప్తానండీ. మూడోది?"

"నేను బండెక్కుతాను."

వాడు జాలిగా చూశాడు. "చెయ్యి వేస్తే చాలండీ. ఎందుకు శ్రమ?"

"పుస్తకంలో బండి అంటే ఏమని రాశారురా?"

"మనిషి ఎక్కి గేటు దాటించేది." పాఠంలా గడగడా ఒప్పచెప్పాడు.

"మరి నేను మనిషినేనా?"

"అయ్యో, ఎంత మాట."

"అయితే ఎక్కుతాను."

రక్షణ 59, శ్రావణం, మొదటి రోజు

బండికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దండ మూడు చుట్లు చుట్టాక కూడా మిగిలింది. ముందు వరసలో అధికారిణి. హిమబిందు అట, ముప్పై ఏళ్ళుంటాయేమో, చేతిలో సోడా. గవర్రాజు నాకు శాలువా కప్పాడు. మేఖల వాళ్ళ సెక్షన్ పిల్లలతో వరసలో నిలబడి ఉంది, చేతికి గాజులు మళ్ళీ ఎక్కాయి.

నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు నేనే పెట్టాను. పచ్చివి, గట్టివి. ఎవరో స్విచ్చి నొక్కారు. బండి మూలిగింది, నిమ్మకాయలకి ఆని ఆగిపోయింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ మూలిగింది. జనంలో ఎవరో దగ్గారు.

"బరువు చాలటం లేదు. ఉండండి, నేనెక్కితే సరిపోతుంది" అన్నాను.

చీర కుచ్చెళ్ళు సర్దుకుని పీట మీద కూర్చున్నట్టు పైకప్పు మీద కూర్చున్నాను. అప్పడం విరిగినట్టు చప్పుడైంది. కప్పు కిందికి, తలుపులు పక్కకి, చక్రాలు నాలుగు దిక్కులకీ. నేను నేల మీద ఉన్నాను.

నిమ్మకాయ నలగలేదు. బండి నలిగింది.

 హిమబిందు సోడా కింద పెట్టి వచ్చి నన్ను లేవదీసింది. "దెబ్బ తగిలిందా అమ్మా?"

"నాకు కాదు."

ఆమె ఒక నిమ్మకాయ చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. తరవాత మా బండ్ల వరస కేసి చూసింది. "వీటిల్లో ఎవరు కూర్చుంటారు?" అని అడిగింది. యాభై ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న బయటినుంచి వచ్చినవాళ్ళ నోట వినటం ఇదే మొదలు.

"చేసేవాళ్ళని చూడండి" అని పిల్లల వరస చూపించాను. ఆమె వాళ్ళ చేతులు చూసింది. మేఖల చేతులు వెనక్కి దాచుకుంది.

రక్షణ 59, ఆశ్వయుజం

పాలవాడు మా ఇల్లు దాటి పోతున్నాడు. గుడ్డ పరుద్దామని బండి దగ్గరికి వెళితే ఎదురింటావిడ "ముట్టుకోకండి, విరుగుతుంది" అంది. నాకు నవ్వొచ్చింది, ఆవిడకి రాలేదు. రక్షణ ఆగిపోతుందని ఊరంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. సుదర్శనం నాతో మాట్లాడి రెండు నెలలు. కంచం నా ముందు పెట్టేటప్పుడు మాత్రం వసుంధర నెయ్యి ఒక చుక్క ఎక్కువ వేస్తోంది. ఆ మాట ఎవరితో అనాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లో నిలవలేక, బయట నిలవలేక, గేటు దాకా పోయి వస్తున్నాను. ఆగిపోతే నిజంగా ఏం తింటారు? నేను ఊరిని కాపాడానా, కూల్చానా?

రక్షణ 59, కార్తీకం

టపాసులు. ఏమిటా అని బయటికి వస్తే గవర్రాజు మిఠాయి పొట్లంతో పరిగెత్తుకొస్తున్నాడు. వాడు పరిగెత్తటం ఐదో క్లాసు తరవాత ఇదే చూడటం.

"రెండో రక్షణ వచ్చిందండీ టీచరు గారూ. ఈసారి ఇనుము కూడా. ఓడల మీద వస్తోంది. పాత కొలతల్లో బండి. అంతా మీ పుణ్యం."

"నేను కూర్చున్నానంతే."

"అదేనండీ, మీరు కూర్చోబట్టే కదా."

జీవితమంతా మొదటి రక్షణని తిడుతూ గడిపిన మనిషిని, రెండోదాన్ని నా పిరుదులతో సంపాదించి పెట్టాను. పాలవాడు ఇంకో గ్లాసు కొసరు పోశాడు. సుదర్శనం వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, పాత తలుపు ఎలా పడేదో నీకు గుర్తుందా? 'ధబ్' మని. నాన్న దానికోసం చెవి ఆనించి వినేవారు." గుర్తుందన్నాను. వాడి కళ్ళు తళతళలాడుతున్నాయి. ఆ ఒక్క పూట నాకూ కాలు నిలిచింది.

మేఖల ఇక బడికి పోవచ్చు కదా అనుకున్నాను.

రక్షణ 59, మాఘం

పోవటానికి లేదట.

గవర్రాజునే పిలిపించాను. వీధిలో పెద్ద బండ్లు, తలుపులో ఏనుగు చెయ్యి కూడా పడుతుంది. "ఇంకా చిన్నచేతులెందుకురా?"

వాడు శాలువా కప్పినప్పటంత మర్యాదగా చెప్పాడు. "రక్షణలో పుట్టిన ఉద్యోగం ఏదీ పోకూడదు కదండీ. సెక్షన్ ఉంది. పేర్లు ఉన్నాయి. పిల్లలకి పని చూపిస్తున్నాం, స్క్రూలు తుడుస్తున్నారు."

"శిక్షణ అన్నావుగా, ఉద్యోగం కాదని?"

"రెండో రక్షణలో శిక్షణని కూడా ఉద్యోగం కిందే చేర్చారండీ. మంచి మాటే కదా."

"పేరు తీయించుకునే దారి లేదా?"

"చచ్చిపోతేనో, ఊరు బయట పడుకుంటేనో." అని నవ్వాడు. "రెండూ ఎందుకండీ మనకి."

సుదర్శనం గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఈసారి సరేననలేదు, కాదనీ అనలేదు. మేఖల చేతికి అవే గాజులు. చెయ్యి పెద్దదైతే తీసేస్తారన్న భయం పోలేదు. బండి పెరిగినా ఆ పిల్ల చెయ్యి పెరగకూడదు.

రక్షణ 59, వైశాఖం

వడియాలు ఒక్క బండి మీద ఎండాయి. పాత చీర, నాలుగు రాళ్ళు. మా వీధి చివర మలుపు దాకా నడిచి వచ్చాను. బండ్లన్నీ ఎడమకి తిరుగుతాయి, కొలిమి వైపు. తిన్నగా కూడా రోడ్డుంది. తుమ్మచెట్లు మూసేశాయి గానీ ఉంది. మూసిన చోట ఎంత వెడల్పుందో కాళ్ళతో కొలిచాను. ఎందుకు కొలిచానో రాత్రి అన్నం తింటుంటే తెలిసింది.

వసుంధర అడిగింది, "ఈసారి కూడా మొదటి బండి మీరేనా అత్తయ్యా?"

"నాకంటే ముసలివాళ్ళు ఇంకా తయారవలేదు."

"పక్కన తోడు ఎవర్నైనా కూర్చోబెట్టుకోవచ్చా?"

నేను తలెత్తి చూశాను. ఆమె మజ్జిగ వంచుతోంది. "వచ్చు" అన్నాను.

రక్షణ 60, శ్రావణం, మొదటి రోజు

ఇది బండిలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా వెలుతురుంది.

ఈ సాయంత్రం వేడుకలో నాలుగు నిమ్మకాయలూ పచపచా నలిగాయి. చప్పట్లు ఈసారి నిజంగానే నిమ్మకాయలకి. మేఖలని నా పక్కన ఎక్కించారు, చిన్నచేతుల సెక్షన్ తరఫున అని గవర్రాజు మైకులో చెప్పాడు. వసుంధర ఒక మూట తెచ్చి దాని ఒళ్ళో పెట్టి, తల నిమిరి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఎడమ తలుపు సుదర్శనమే వేశాడు. ధబ్. వేశాక చెయ్యి తియ్యలేదు. "గట్టిగా పట్టుకో అమ్మా, స్టీరింగు" అన్నాడు. వాడికి తెలుసో లేదో నాకు తెలియదు.

మలుపు దగ్గర జెండా ఊపేవాడు ఎడమకి ఊపాడు. మావారు సముద్రం దారిలో నేర్పిన స్టీరింగు మర్చిపోలేదు, నేను తిన్నగా పోనిచ్చాను. తుమ్మకొమ్మలు రెండు పక్కలా గీసుకుపోయాయి, పెయింటు షాపు వాళ్ళు క్షమించాలి. వెనక ఎవరో అరిచారు. తరవాత వినపడలేదు.

ఫ్యాక్టరీలో బండికి కొలిమి దాకా సరిపడా ఛార్జి మాత్రమే ఎక్కిస్తారు. మలుపు దాటి, పాత టోల్‌గేటు దాటి, ఒక చిన్న గుట్ట ఎక్కి, అవతలివైపు సగంలో బండి ఆగిపోయింది. ఊరు కనపడటం లేదు. గాలి వేరే వాసనొస్తోంది.

"సముద్రం ఇదేనా?" అంది మేఖల.

"ఇంకా ముందుంది. రేపు నడుద్దాం."

"మరి బండి?"

"ఉండనీ."

"లెక్కలో ఒకటి తగ్గుతుంది నాయనమ్మా."

"తగ్గనీ."

"ఇక్కడ పడుకుంటే నా పేరు పోతుంది."

"నాది కూడా."

 అది వెనక సీటులోకి దూరి కాళ్ళు చాపింది. పూర్తిగా చాపింది. మూట విప్పాం. పెరుగన్నం, ఆవకాయ, దాని చలికోటు, ఒక చిన్న సబ్బు. అడుగున కాగితంలో చుట్టిన డజను గాజులు. ఆకుపచ్చవి, ఒక సైజు పెద్దవి.

సీసాలో నీళ్ళు కాస్త వంపి పాతవి తీశాను. కొత్తవి సబ్బు లేకుండానే ఎక్కాయి. చెయ్యి కిందికి దించితే జారతాయేమోనని అది పట్టుకుని కూర్చుంది.

"వదులుగా ఉన్నాయి నాయనమ్మా."

"పెరిగే చేతికి అలాగే కొంటారు" అన్నాను.